మేఘములపై మానవుని చేయి



మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభదినమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని ఆదేశించిన కార్యవర్గము వారికి నా కృతజ్ఞతాపూర్వక వందనములు. ఇట్టి సభలలో పుస్తకములను గూర్చి మాటాడుట పరిపాటి. నేను మాత్రము మబ్బులను గూర్చి మాటాడ నెంచితిని. అందులకు కారణము మన పఠన మందిరమే.

గడచిన యేడు మృగశిరకార్తె ప్రవేశించి పది దినములైనను చినుకు రాలలేదు. ఒకనాటి సాయంకాలము ఇద్దరు చందాదారులు దినపత్రికను ముందుంచుకొని వాదమునకు దిగిరి. ఒకరనిరి: "విమానములు పోయిన వెనుక ఆకాశమున తెల్లని చారలు పడుచున్నవి. అవియే మబ్బులను చెదరగొట్టుచున్నవి. మన వానను ఎవరో దొంగిలించుచున్నారు." రెండవ వారనిరి: "మనిషి యెంత? ఆకాశ మెంత? వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరి కెరుక? మన వలన మబ్బులు మారుట యేమి?" వాదము ముదిరి, ఇరువురును రెండు దినములు ఒకరి నొకరు పలుకరించుకొనలేదు. పిదప వేర్వేరుగా నా వద్దకు వచ్చి తీర్పు చెప్పుమనిరి. రజతోత్సవము నాడు చెప్పెదనని మాట యిచ్చితిని. ఆ మాట నేడు చెల్లించుకొనుచున్నాను.

ఇది పొద్దుపోక వాదము కాదని మొదట మనవి చేయుదును. మన అనంతపురము సీమలో ఏటికి కురియు వర్షము సరాసరిని సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వాననే నమ్ముకొని వేరుసెనగ విత్తుచున్నాము. మన వాన దొంగిలింపబడుచున్నదని నమ్మిన వాడు దొంగను వెదకుచు కాలము గడపును. మనిషి వలన ఏమియు కాదని నమ్మిన వాడు చేతులు ముడుచుకొని కూర్చుండును. నమ్మకమును బట్టియే గదా మన పని! కావున ఏది నిజమో తెలిసికొనుట మన పంటకును, మన చెరువునకును సంబంధించిన విషయము.

మేఘ మనగా నేమి? వేసవిలో చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుట మీరెరుగుదురు. గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి చల్లని లోహము తగులగనే నీరుగా మారినది. ఆకాశమునను ఇదియే జరుగును. వేడిగాలి పైకి పోయి చల్లబడును. అందలి ఆవిరి నీటి బిందువులగును. అయితే బిందువు కట్టుటకు చెంబు వలె ఏదైన ఆధార ముండవలెను. ఆకాశమున ఆ ఆధారము ధూళి కణము, సముద్రపు ఉప్పు కణము, పొగ కణము. ఈ సంగతిని 1880 ప్రాంతమున స్కాట్లండు దేశీయుడైన జాన్ ఐట్కెన్ ప్రయోగపూర్వకముగా చూపెను. ధూళిని పూర్తిగా వడగట్టిన గాలిలో ఆవిరి యెంత యున్నను పొగమంచు సులభముగా కట్టలేదు; ధూళి కలిపిన వెంటనే కట్టినది.

మేఘ బిందువు మిక్కిలి చిన్నది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు ఏబదవ వంతు. మామూలు వాన చినుకు రెండు మిల్లీమీటర్లుండును. అనగా ఒక్క చినుకు కావలెనన్న అట్టి బిందువులు సుమారు పది లక్షలు కూడవలెను. అందుచేతనే ప్రతి మబ్బును వర్షింపదు. ఈ రెండు విషయములను జ్ఞాపకముంచుకొనుడు: బిందువునకు కణము ఆధారము, చినుకునకు లక్షల బిందువుల కలయిక ఆధారము. మనిషి మేఘమును మార్చగలడా యను వాదమంతయు ఈ రెంటి చుట్టును తిరుగుచున్నది.

ఈ వాదము క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున అమెరికా దేశపు పశ్చిమ మైదానములలో సేద్యమునకు పోయిన వారికి, నాగలి పోయిన చోటికి వాన వచ్చునని కొందరు బోధించిరి. బీడు దున్నిన కొలది నేల తేమ గాలిలో చేరి వర్షము పెరుగునని వారి వాదము. అప్పుడు కొన్నేండ్లు వానలు బాగుగా కురియుటచే జనులు నమ్మిరి. తరువాత కరవులు వచ్చినవి. 1930 తరువాతి దశాబ్దమున అదే మైదానములలో దున్నిన నేల ధూళియై లేచి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినవి. మంచి యేళ్లను చూచి సిద్ధాంతము కట్టిన వారిని చెడ్డ యేళ్లు శిక్షించినవి. నాలుగేండ్ల వానను చూచి నిర్ణయము చేయరాదను పాఠమును వారు మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొనిరి.

అడవులు వానను తెచ్చునా యను ప్రశ్న మన దేశమున బ్రిటిషు వారి కాలము నుండియు చర్చింపబడినది. దీని యందు కొంత నిజమున్నదని ఇప్పుడు తెలిసినది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులలో కురిసిన వాననీటిలో గొప్ప భాగము చెట్ల ఆకుల ద్వారా మరల ఆవిరియై, గాలితో ముందునకు పోయి మరల వర్షించుచున్నదని 1970 తరువాతి పరిశోధనలు చూపినవి. అట్టి మహారణ్యమును నరికిన అచటి వర్షము తగ్గును. అయితే ఊరి బయట నాలుగు వేపచెట్లు నాటినంత మాత్రమున మబ్బులు దిగివచ్చునని అనుకొనరాదు. చెట్లు నాటుటకు నీడ, నేల, పశువుల మేత మొదలైన కారణములు చాలినన్ని యున్నవి. లేని కారణమును కల్పింపనక్కరలేదు.

ఇక మనిషి బుద్ధిపూర్వకముగా మేఘముపై చేయి వేసిన కథ. 1946వ సంవత్సరమున అమెరికాలో విన్సెంట్ షేఫర్ అను నతడు, మిక్కిలి చల్లబడియు గడ్డకట్టని పొగమంచులో పొడిమంచు ముక్కను వేయగనే, అది క్షణములో మంచు రేణువులుగా మారుట చూచెను. ఆ నవంబరు 13వ తేదీన విమానమెక్కి నిజమైన మేఘముపై పొడిమంచు చల్లెను. మేఘము నుండి మంచు రాలినది. అదే యేడు బెర్నార్డ్ వానెగట్ అను నతడు సిల్వర్ అయొడైడ్ అను లవణము కూడ ఇట్టి పని చేయునని కనుగొనెను. వారితో పనిచేసిన పెద్ద ఇర్వింగ్ లాంగ్మ్యూర్. 1932లో నోబెల్ బహుమానము పొందిన మహాశాస్త్రజ్ఞుడు. ఆయన ఉత్సాహమునకు మేర లేకపోయినది. ఒక రాష్ట్రమున తాము చల్లిన లవణము దూరపు రాష్ట్రముల వానలను సైతము మార్చుచున్నదని వాదించెను. వాతావరణ శాఖ వారు అంగీకరింపలేదు. వానలు సహజముగానే హెచ్చుతగ్గులగుచుండును. చల్లకపోయిన ఎంత కురిసియుండెడిదో ఎవరు చెప్పగలరు? ఇదియే వారి ప్రశ్న.

1947 అక్టోబరులో ఆ బృందము వారు అట్లాంటిక్ సముద్రములోని ఒక తుఫానుపై పొడిమంచు చల్లిరి. అది సముద్రములోనికి పోవుచున్నదల్లా పశ్చిమమునకు తిరిగి జార్జియా తీరమును తాకినది. జనులు ఆగ్రహించిరి. చల్లక ముందే ఆ తుఫాను తిరుగ నారంభించినదని తరువాతి పరిశీలనలో తేలినది. అయినను అపవాదు పోలేదు. ఆకాశమును ముట్టుకొన్న వానికి అటుపై పడిన ప్రతి పిడుగును తన తలకే చుట్టుకొనును!

మన తెలుగునాటను 2004 తరువాత కొన్నేండ్లు మేఘమథనమను పేరున విమానముల ద్వారా ఈ ప్రయత్నము జరిగినది. మన సీమ వారు ఆకాశము వంక చూచి ఎదురుచూచిన దినములు మీకు జ్ఞాపకముండును. దాని ఫలిత మేమి యని నన్నడుగువారికి లోకము మొత్తమున తేలిన విషయమును చెప్పుదును. ఇజ్రాయెల్ దేశమున 1961లో మొదలైన ప్రయోగములో నూటికి 15 వంతుల హెచ్చు కనబడినదనిరి. అదే దేశమున 2013 నుండి 2020 వరకు మరింత కట్టుదిట్టముగా జరిపిన పరీక్షలో హెచ్చు నూటికి 2 వంతులు కూడ తేలలేదు. అదియు యాదృచ్ఛికము కాదని చెప్పుటకు వీలు లేకపోయినది. ఆ పథకమును వారు ఆపివేసిరి. మరియొక వంక, 2017లో అమెరికాలోని ఐడహో కొండలపై విమానము చల్లిన దారినే మంచు కట్టుట రాడారు యంత్రములలో స్పష్టముగా కనబడినది. మన పూనాలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ వారు 2018, 2019 సంవత్సరములలో షోలాపురము వద్ద జరిపిన ప్రయోగములో, సుమారు వంద చదరపు కిలోమీటర్ల మేర నూటికి 18 వంతులు హెచ్చు కురిసినదని ప్రకటించిరి. 2025 అక్టోబరులో ఢిల్లీ నగరమున పొగను కడుగుటకై చల్లినప్పుడు మబ్బులలో తేమ చాలక చెప్పుకోదగిన వర్షమే కురియలేదు.

ఈ వివరములన్నిటి వలన తేలినది యేమనగా, వర్షించుటకు సిద్ధముగా నున్న మబ్బును కొంచెము తొందరపెట్టవచ్చును. లేని మబ్బును సృష్టింపలేము. పాలు లేని చోట తోడు వేసిన పెరుగగునా? కరవు నాడు ఆకాశమున పాలే యుండవు.

విమానపు చారల మాట చెప్పెదను. విమాన యంత్రము నుండి వెలువడు ఆవిరి పై యెత్తున గల మిక్కిలి చల్లని గాలిలో మంచు రేణువులుగా గడ్డకట్టుటచే ఆ తెల్లని గీతలు ఏర్పడుచున్నవి. అవి విషమును కావు, మేఘములను తరుము మందును కావు. అవి పలుచని మంచు మబ్బులే. అయితే అవి ఏమియు చేయవా? 2001 సెప్టెంబరులో అమెరికాలో మూడు దినములు విమానములు నిలిచిపోయినప్పుడు, పగటి వేడికిని రాత్రి చలికిని గల అంతరము పెరిగినదని కొందరు లెక్కించిరి. ఆ దినములలో ఆకాశము సహజముగానే నిర్మలముగా నుండుటయే కారణమని మరికొందరు ఖండించిరి. ఇట్టి చారలు మొత్తము మీద భూమిని కొంచెము వేడిచేయునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన పొలముపై రావలసిన వానను అవి యెత్తుకొనిపోవుట మాత్రము నిజము కాదు. మొదటి మిత్రునకు ఇది నా సమాధానము.

రెండవ మిత్రుని ప్రశ్నకు ఇప్పుడు వచ్చెదను. మనిషి యెంత, ఆకాశ మెంత? ఒక్క మనిషి అల్పుడే. ఎనిమిది వందల కోట్ల మంది పొయ్యిలు, బండ్లు, యంత్రములు అల్పములు కావు. సముద్రముపై ఓడలు పోవు దారిలో మబ్బులు తెల్లని గీతల వలె మెరయుచుండుటను 1960 తరువాతి ఉపగ్రహ చిత్రములు చూపినవి. ఓడల పొగలోని గంధకపు కణములే కారణము. ఐట్కెన్ చెప్పిన మాట జ్ఞాపకము చేసికొనుడు. కణములు హెచ్చిన కొలది, ఉన్న నీరే హెచ్చు బిందువులుగా చీలిపోవును. చిన్న బిందువుల మేఘము తెల్లగా మెరసి ఎండను వెనుకకు పంపును. ఈ సిద్ధాంతమును 1974లో షాన్ టూమీ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. బిందువులు చిన్నవైన, చినుకు కట్టుటయు ఆలస్యము కావచ్చును. 2020 జనవరి 1వ తేదీ నుండి ఓడల నూనెలో గంధకము నూటికి మూడున్నర పాళ్ల నుండి అర పాలునకు తగ్గవలెనని అంతర్జాతీయ నిబంధన వచ్చినది. వెంటనే ఆ గీతలు పలుచబడినవి. మనిషి చేయి మేఘముపై నున్నదనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను? ఆ గీతలు తగ్గుటచే సముద్రములు ఎంత అదనముగా వేడెక్కినవను విషయమున మాత్రము పండితులు నేటికిని వాదించుచునే యున్నారు.

మన ఇంటి కథ కూడ ఉన్నది. 1999లో రామనాథన్, క్రుట్జెన్ మొదలగు శాస్త్రజ్ఞులు మాల్దీవుల కేంద్రముగా హిందూ మహాసముద్రముపై గాలిని పరిశీలించి, భారత ఖండము మీదుగా సముద్రముపైకి మూడు కిలోమీటర్ల యెత్తు వరకు గోధుమరంగు పొగ పొర వ్యాపించియున్నదని కనుగొనిరి. పొలములలో తగులబెట్టు దంట్లు, కట్టెపొయ్యిలు, బొగ్గు కొలుములు, వాహనములు అన్నియు అందు భాగస్వాములే. ఆ పొగ ఎండను క్రిందికి రానీయక సముద్రము నుండి లేచు ఆవిరిని తగ్గించును. మసి తాను వేడెక్కి గాలిని వేడిచేయును. ఇది నైరుతి ఋతుపవనమును బలహీనపరచునని పలువురి అభిప్రాయము.

అన్నిటికంటె పెద్దది వేడిమి. బొగ్గు, నూనె కాల్చగా వచ్చు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడిచేయునని 1896లోనే స్వీడను దేశపు అరీనియస్ లెక్కకట్టెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపపు కొండపై కొలువ నారంభించినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షలలో 315 పాళ్లు. 2024లో సుమారు 424 పాళ్లు. దీనిపై పండితులు తొందరపడలేదు. 1990లో అంతర్జాతీయ సంఘము వారు మానవ ప్రభావము నిస్సందేహముగా తేలుటకు ఇంకను పదేండ్లు లేక అంతకంటె ఎక్కువ పట్టవచ్చుననిరి. 1995లో ఆ ప్రభావము కనబడుచున్నదనిరి. 2021లో సందేహమునకు తావు లేదనిరి. ముప్పది యేండ్ల కొలతలు పోగుపడిన తరువాత చెప్పిన మాట యది. 2024వ సంవత్సరము, యంత్రయుగము బలపడక ముందటి కాలము కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడిగా గడచినది.

దీనికిని మబ్బునకును ఏమి సంబంధము? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిన, అందు పట్టు ఆవిరి నూటికి 7 వంతులు పెరుగును. పెద్ద కుండ నిండుటకు ఆలస్యము, ఒలికిన వరద. అందుచేతనే వానకును వానకును నడుమ ఎడము పెరిగి, కురిసినప్పుడు కుండపోతగా కురియుట యెక్కువైనది. 1950 నుండి 2015 వరకు మధ్య భారతమున విస్తారముగా పడు అతివృష్టులు మూడింతలైనవని మన శాస్త్రజ్ఞులే 2017లో ప్రకటించిరి. వేడెక్కిన లోకమున మేఘములు వేడిని తగ్గించునా, పెంచునా యను వాదమునకు కూడ కొంత సమాధానము వచ్చినది. అవి కొంత పెంచునని 2021 నివేదిక చెప్పినది. ఎంత పెంచుననుటలో అభిప్రాయ భేదములు తీరలేదు.

అయినను ప్రతి వానకును మనిషినే కారణముగా చూపుట పొరపాటు. 2024 ఏప్రిలులో అరబ్బు ఎమిరేట్లలో ఒకచోట ఇరువదినాలుగు గంటలలోపల 254 మిల్లీమీటర్ల వాన కురియగా, మేఘములపై లవణము చల్లుటచే నట్లయినదని లోకమంతయు పుకారు పుట్టినది. అది పెద్ద తుఫాను. చిటికెడు లవణము అంత నీటిని తేజాలదు. పాచికకు ఒక ప్రక్క బరువు పెట్టిన, ఆ పందెము మాటిమాటికి పడుచుండును. అయినను ఫలానా ఒక్క పందెము బరువు వలననే పడినదని ప్రమాణము చేయలేము. వేడిమి ఆ పాచికకు పెట్టిన బరువు వంటిది.

కావున నా తీర్పు ఇది. మనిషి ఆకాశమును మార్చుచున్నాడనుటలో మొదటి మిత్రుడు సరియే. దొంగ విమానములో నున్నాడనుటలో పొరపాటు. మనము కోరినప్పుడు వాన రాదనుటలో రెండవ మిత్రుడు సరియే. మన వలన ఏమియు మారదనుటలో పొరపాటు. మనిషి కావలెనని చేసిన ప్రయత్నము స్వల్పముగా ఫలించినది. కోరక చేసిన పని మిక్కిలిగా ఫలించినది. అందులో హెచ్చు భాగము ధనిక దేశములు శతాబ్దమునకు పైగా కాల్చిన బొగ్గు, నూనెల ఫలము. మెట్ట రైతు పాలు అందు అత్యల్పము. అనుభవించు కష్టము మాత్రము అత్యధికము. ఈ అన్యాయమును గట్టిగా చెప్పుటకైనను మనకు నిజము తెలిసియుండవలెను.

మరి మన చేతిలో నున్న దేమి? ఆకాశము మన చేతిలో లేదు. పడిన చినుకు మన చేతిలో నున్నది. ఒక ఎకరముపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసిన సుమారు నాలుగు వేల లీటర్ల నీరు. కుండపోత వానలే వచ్చు కాలమున పూడిన వాగు, తెగిన కట్ట గల చెరువు ఆ నీటిని నిలుపలేదు. మేఘమథనము చేయు విమానము కొరకు ఎదురుచూచిన కాలములో మన చెరువు వంకలు ఎంత పూడినవో మీరే చూచితిరి.

తుదకు గ్రంథాలయము వారికి ఒక విన్నపము. ఒక ప్రాంతపు వాతావరణమును చెప్పుటకు ముప్పది యేండ్ల కొలతల సరాసరిని ప్రమాణముగా గ్రహింతురు. గ్రంథాలయము స్థాపించిన నాడే దీని ఆవరణలో ఒక వర్షమాపకము నిలిపియుండిన, నేటికి మన చేతిలో ఇరువదియైదేండ్ల లెక్క యుండెడిది. మన ఊరి వాన మారినదో లేదో ఇతరుల నడుగ నక్కర లేకపోయెడిది. ఆ తప్పు నాది కూడ. నేనును మొదటినాటి సభ్యులలో ఒకడను గదా! నేటికైనను దానిని నిలుపుదము. వాతావరణ శాఖ వారు ఉదయము 8.30 గంటలకు కొలుతురు, 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిసిన దినమునే వర్షపు దినముగా నెంచుదురు. మనమును అట్లే ప్రతి యుదయమును కొలిచి ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును తక్కిన గ్రంథముల సరసనే యుంచుదము. మాపకమునకగు వ్యయము నేను భరించెదను. కొలుచు పనిని ఆ యిద్దరు మిత్రులకు అప్పగింప ప్రార్థించుచున్నాను. ఒకరు కొలువగా రెండవవారు వ్రాయుదురు గాక! దినమునకొక్కసారియైన పలుకరించుకొనక తప్పదు.

స్వర్ణోత్సవము నాటికి మనలో కొందర ముండకపోవచ్చును. ఆ పుస్తక ముండును. నాడు ఈ వేదికపై నిలిచి మాటాడు వారు నావలె దూరదేశముల లెక్కలు మాత్రమే చెప్పక, మన ఊరి మబ్బుల కథను మన ఊరి వ్రాతతోనే చెప్పుదురు గాక యని ఆశించుచున్నాను.